ఊట నిద్రపోయే నెలలు

"ఎవరూ వాడని నీళ్ళివి." మా ఊట పక్కనున్న బండకు ఎర్రరంగుతో గుర్తు వేస్తూ క్వారీ కాంట్రాక్టరు మనిషి అన్న మాట ఇది. పుల్లలేరుకుంటూ నా చెవులతో విన్నాను.

పరవాడ కంపెనీ బస్సులెక్కే అన్నలారా, అనకాపల్లి కాలేజీలో నాతో చదివిన నేస్తాల్లారా, అది ఎంత అబద్ధమో వినండి.

రావికమతం పైన కొండల్లో మా పనసలోవ ఊరికి ఒకటే ఊట. వానలు అదును తప్పినప్పటి నుంచి అది సన్నబడుతోంది. అందుకే మా కొండదొర తెగవాళ్ళు ఎండలు ముదరగానే దాన్ని ఆకులతో కప్పి నిద్రపుచ్చుతారు. తొలకరి దాకా ఎవరూ చుక్క ముట్టరు. కింద ఎండిన వాగులో, మా గెడ్డలో, ఇసక తోడి చెలమలు తీసుకుని తాగుతాం. తొలివానకు ఆ ఏటి కొత్త జంట ఆకులు తీసి, ఒకే బిందెను ఇద్దరూ పట్టి ముంచి ఊటను లేపాలి.

ఈ ఏడు కొత్త జంట మేమే, నేనూ చంటిబాబూ. చెలమలో తొలి దోసిలి నాకే పట్టేవాడు. పళ్ళ కింద ఇసక కరకరమంటే ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం.

బండకు గుర్తు వేసిన ఆ సాయంత్రం లోవంతా కూడింది.

"రేపే ఊట ఇప్పీసి బిందెలు వరసెట్టీదాం వదినా. వాడతన్నామని ఆడికి తెలుత్తాది," అన్నాడు మా అత్తకు మరిది వరసయ్యే బంగారయ్య.

"ఆడికి సూపించడానికి ఊటని సంపీమంటావేటి?" అంది మా అత్త గురువమ్మ. "నీ బుర్రకీ ఎండ దెబ్బ కొట్టినాదేటి?"

అందరూ నవ్వారు.

"మరేటి సేద్దాం?" అన్నాడు బంగారయ్య.

"ముట్టకండా సుట్టూ కూకుందాం."

మర్నాడు పొక్లెయిన్ వచ్చింది, వెనకే పోలీసులు. నాలుకలు పిడచకట్టుకుపోతున్నా ఊట చుట్టూ కూర్చున్నాం.

"మీ ఊటే అయితే తాగరేం?" ఎస్సై వెక్కిరించాడు.

"పడుకున్న పసిగుంటని లేపి పాలడుగుతారేటి బాబూ?" అంది అత్త.

చంటిబాబు పొక్లెయిన్ ముందు అడ్డంగా పడుకున్నాడు. అతన్ని ఈడ్చి జీపెక్కించారు. "వానొత్తే నువ్వే లేపీయే!" అని అరిచాడు. మేం కదల్లేదు. పొక్లెయిన్ కొండ దిగింది గాని ఊరి మొదట్లోనే కాచుకుని ఉంది.

అతన్ని అనకాపల్లి జైల్లో పెట్టాక చెలమ దగ్గర నా దోసిలి నేనే పట్టుకున్నాను. ఇసక అలాగే కరకరమంది. నవ్వు మాత్రం రాలేదు.

ఒక ఉదయం వాన దిగింది. కొండంతా మట్టివాసన. అంత దిగుల్లోనూ ముఖమెత్తి తడిశాను. అందరం ఊట దగ్గరికి ఎక్కాం. ఆకులు తీసి బిందె అంచు ఒకవైపు పట్టుకున్నాను. రెండోవైపు ఎవరూ లేరు.

"నావల్ల కాదత్తా," అన్నాను.

 ఊట విప్పేద్దామన్న బంగారయ్యే వంగి ఆకులు మళ్ళీ కప్పాడు.

"చంటిగాడొచ్చీదాకా పడుకోనీ. గెడ్డలో బురదనీళ్ళే తాగుదాం. పోలీసోళ్ళు ఆడిని ఒగ్గడం నేదు, మనవే ఎల్లి తెచ్చుకుందాం."

సగం మంది ఊట చుట్టూ కూర్చున్నారు. మిగతావాళ్ళం ఖాళీ బిందెతో అనకాపల్లి జైలుకు బయల్దేరాం. బిందెను ఒకవైపే పట్టుకుని ముందు నేను నడిచాను. రెండోవైపు ఎవరూ పట్టలేదు, అది చంటిబాబు చోటు. పొక్లెయిన్ పక్కగా, వానలో, నా వెనక లోవ నడిచింది.