దూరపు చుట్టం

మహాలయ అమావాస్యనాడు, గల్ఫ్‌లో, మదీనత్ ఖలీఫాలోని తమ ఇంట్లో తర్పణాలు వదులుతూ, ముత్తాత నారాయణప్ప పేరు చెప్పాల్సిన చోట రామచంద్రరావు గారు "బార్నబీ హాక్" అనేశారు.

తప్పు ఆయనది కాదు, డ్యూటీది. కంపెనీలో ఆస్ట్రేలియా మేనేజరు రిటైరవుతున్నాడు. వీడ్కోలు సభలో అతని ముత్తాతను పొగిడే పని ఈయన నెత్తిన పడింది. ఆ బార్నబీ హాక్ తిమింగలాలను వేటాడి, వాటి నూనె అమ్మి, ఎవరిదో తీరంలో తన ఊరు కట్టి, ఆ ఊరి ఓట్లతోనే శాసనసభకెక్కిన ఘనుడు. నెల రోజులుగా ఇంట్లో అదే బట్టీ.

వీడియో కాల్‌లో పురోహితుడు ఆగి, వారెవరని అడిగాడు. రావుగారు సిగ్గుపడి, దూరపు చుట్టమని చెప్పి, నువ్వులూ నీళ్ళూ వదిలేశారు.

ఎన్నిసార్లు పిలిచినా రాని చుట్టాలుంటారు. ఇతను వచ్చాడు.

మొదట బాల్కనీ కుర్చీ దగ్గర మాడిన కొవ్వు వాసన. తర్వాత హాల్లో. ఆపైన పూజగదిలో నారాయణప్ప ఫోటో రోజూ బోర్లా పడేది, రావుగారి భార్య సావిత్రి రోజూ నిలబెట్టేది. అంతవరకైతే సర్దుకునేదే. ఇంటికొచ్చిన చుట్టాలు ఎవరు మాత్రం ఊరికే కూర్చున్నారు? కానీ భర్త చూపు మారింది. ఒక మధ్యాహ్నం పళ్ళెం ముందు కూర్చుని, వంటింటి వైపు తిరిగి, శాసనసభలో మాట్లాడినట్టు, తనది కాని గొంతు పెంచారు.

"మేం వచ్చినప్పుడు ఇక్కడ ఎవరూ లేరు."

ఏళ్ళ తరబడి ఆ వంటింట్లోనే ఉన్న సావిత్రి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన చూపు ఆమెలోంచి దూరి వెనక గోడ మీద పడుతోంది.

"ఏమండీ, నేనెవర్ని?"

ఆయన గోడకే ఊరు కట్టిన సంగతి చెప్పుకుపోయారు.

ఆడవాళ్ళు తర్పణం వదలకూడదంటారు. అన్నవాళ్ళెవరూ ఇలాంటి చుట్టాన్ని ఇంట్లో పెట్టుకుని ఉండరు. సావిత్రి పోపులపెట్టెలోంచి నల్లనువ్వులు తీసి, ఇంకో పళ్ళెం ముందు పెట్టుకుని దక్షిణానికి తిరిగి కూర్చుంది. మంత్రాలు రావు.

"వాడు పొడిచి చంపిన తిమింగలాలకు. వాడికంటే ముందు ఆ తీరాన ఉన్నవాళ్ళకు. పేర్లు తెలియవు, ఏమనుకోకండి," అంటూ బొటనవేలి పక్కనుంచి నీళ్ళు వదిలింది.

ఏసీ లోపల ఏదో పెద్ద శరీరం బరువుగా ఊపిరి వదిలింది. వెనకే ఇంకొకటి. బాల్కనీలో కుర్చీ బోర్లాపడింది, ఎవరో పరుగెత్తిన చప్పుడు. కొవ్వు వాసన పోయి ఇల్లంతా ఉప్పుగాలి నిండింది.

రావుగారు కళ్ళు నులుముకుని, ఒక ముద్ద తిన్నారు.

"సావిత్రీ, పులుసులో ఉప్పెక్కువైంది."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఏసీలోంచి సన్నటి తుంపర ఇద్దరి మీదా పడింది. మెకానిక్కుని పిలవనా అని ఆయన అడిగారు.

"వద్దండీ. కాసేపు ఊపిరి తీసుకోనివ్వండి వాటిని."