రాజు తలదాచుకున్న కోట

రాజుగారి కబురు వచ్చేసరికి మా దొర వారిన్ కుంటుతున్న గుర్రం డెక్క పట్టుకుని చూస్తున్నాడు. నేను ఆయన గుర్రాలవాణ్ణి, పక్కనే ఉన్నాను. వెంటనే వించెస్టర్‌లోని కొలువుకు రమ్మని పిలుపు.

"ఒంట్లో బాగోలేదని చెప్పి పంపండి," అంది దొరసాని హావిస్.

"వాడు మనింట్లో తలదాచుకున్నవాడు హావిస్. నీ చేతి జావ తాగాడు."

"అప్పటికింకా వాడు రాజు కాలేదుగా."

సింహాసనం కోసం బాబాయి, అబ్బాయి కొట్టుకున్న రోజుల్లో ఈ రాజు మీసాలైనా రాని కుర్రాడు. బాబాయి మనుషులు తరుముతుంటే మా ఆల్డర్‌బీ కోటకు పారిపోయి వచ్చాడు. వారిన్ ఆ చలికాలమంతా అతణ్ణి బురుజు కింద ధాన్యపు కొట్టులో దాచాడు. వెతకడానికొచ్చినవాళ్ళు ఎంత కొట్టినా వారిన్ వాళ్ళన్న నోరు విప్పలేదు. అతణ్ణి కోట గుమ్మానికే ఉరి తీసి పోయారు.

ప్రయాణానికి ముందు పొరుగు దొర జెర్వేస్ వచ్చాడు. "దిగులు పెట్టుకోకు బావా. నీ జోలికొస్తే ఉత్తరాది దొరలమంతా ఊరుకుంటామా?" అని, మా గుడిలో ఉన్న పునీతుడి ఎముక మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. తర్వాత కడుపునిండా తిని, మాతోపాటే బయల్దేరాడు.

నేను కొలువు గుమ్మం దగ్గర నిలబడి చూస్తుండగా రాజు గద్దె దిగి వచ్చి వారిన్‌ను కౌగిలించుకున్నాడు. రాజు కళ్ళు నిజంగానే చెమర్చాయి.

"మామా, ముసలాడివైపోయావే," అన్నాడు. ఆ తర్వాత చెయ్యి వదలకుండానే, "నీ కోట కూల్పించేస్తున్నాను," అన్నాడు.

పరాచికమనుకుని వారిన్ నవ్వాడు. రాజు నవ్వకపోవడం చూసి, "నేనేం తప్పు చేశాను ప్రభూ?" అనడిగాడు.

"ఏ తప్పూ చెయ్యలేదు. ఇక్కడున్నవాళ్ళలో మా బాబాయికి మోకరిల్లనివాడివి నువ్వొక్కడివే. అందుకే దొరల కోటలు పడగొట్టడం నీతో మొదలుపెడుతున్నా. నీ కోటే కూలిందంటే వీళ్ళలో ఎవడూ ఇక నోరెత్తడు."

వారిన్ జెర్వేస్ వైపు చూశాడు. జెర్వేస్ తల వంచుకుని నడుముపట్టీ సర్దుకుంటున్నాడు.

"మా అన్న చచ్చింది నీ కోసంరా," అన్నాడు వారిన్.

"తెలుసు మామా. ఆయన పేరు మీద రోజూ ప్రార్థన చేయిస్తున్నాను."

వసంతంలో తాపీవాళ్ళు దిగారు. మొదట బురుజు పడగొట్టారు, ఆ రాళ్ళను బళ్ళకెత్తి ఎక్కడో వంతెనకు తోలుకుపోయారు. జెర్వేస్ ఎవరూ అడక్కముందే తన కోట తాళాలు తీసుకెళ్ళి రాజుకిచ్చి వచ్చాడు.

దొరా దొరసానీ సన్యాసుల మఠంలో అతిథులుండే గదికి మారారు. నేనూ వెంట వెళ్ళాను. చూసుకోవడానికి మాకు మిగిలింది ఒక్క గుర్రమే. చలికాలం వచ్చినప్పుడల్లా రాజు ఒక జింకను కొట్టించి, మామ ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోమని పంపేవాడు. హావిస్ ఆ మాంసం ముట్టేది కాదు. వారిన్ మాత్రం తినేవాడు. "మెత్తగా ఉడికింది, కాస్త తిను," అని బతిమాలేవాడు. కూలిన కోట గురించి గానీ, జెర్వేస్ గురించి గానీ ఆయన నోట ఒక్క మాట నేను వినలేదు.

ఉపవాసాల రోజుల్లో ఆయన జ్వరంతో పోయాడు. ఆ మాట విని రాజు భోజనం మాని ఏడ్చాడని, వచ్చిన దూత చెప్పాడు.

"ఏడుస్తాడు," అంది హావిస్. "చిన్నప్పుడూ అంతే, ఊరికే ఏడ్చేవాడు."

దూతకు తినడానికేమైనా పెట్టమని నాతో చెప్పి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.