వెనక గదికి సరిపడా

వీధి గుమ్మం పక్కన మేకుకు వేలాడే పాత రౌటర్ ముందు గది వరకే మహారాజు. వంటగది దాటితే దాని పెత్తనం సగానికి పడిపోయేది. స్నానాల గది గోడా, దానికి ఆనించిన ఇనప బీరువా దాటి వెనక గదికి చేరేసరికి ఫోనులో ఒక్క గీత మిగిలేది. అదీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. తుంటి ఎముక విరిగిన అమ్మ ఆరు వారాలుగా ఆ వెనక గదిలోనే పడుకుని ఉంది. స్నానాల గది తలుపు అటువైపే కాబట్టి ఆమె మంచం ముందుకు మార్చే వీలు లేదు.

అమ్మకు పుట్టుకతోనే వినపడదు. ఆమె చెల్లెలికీ అంతే. చిన్నప్పుడు వాళ్ళను ఏ బడిలోనూ వేయలేదు, ఎవరూ ఏ సైగలూ నేర్పలేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ తమ చేతులతో తామే ఒక భాష కట్టుకున్నారు. అందులో తిట్లున్నాయి, ఇరుగుపొరుగుకు పెట్టిన మారుపేర్లున్నాయి, కడుపు పట్టుకుని నవ్వే వేళాకోళాలున్నాయి. ఆ భాష పూర్తిగా తెలిసినవాళ్ళు ఈ లోకంలో వాళ్ళిద్దరే. ఇప్పుడా చెల్లెలు వేరే ఊళ్ళో క్యాన్సర్ ముదిరి మంచం పట్టింది. ఇక రోజుల లెక్కేనన్నారు డాక్టర్లు. పొద్దున పది గంటలకు మందుల మత్తు కాస్త దిగినప్పుడు ఒక్క పావుగంట మెలకువగా ఉంటుంది. ఆ పావుగంటే అక్కచెల్లెళ్ళకు మిగిలింది.

కొడుకు ప్రింటింగ్ ప్రెస్సులో కాగితం కోసే మిషన్ మీద పని చేస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోడు. అమ్మ భాషలో మాత్రం అతనికి గట్టిగా పది మాటలు రావు. తిను, తాగు, రా, పో, నొప్పి, మందు, నిద్ర, దాదాపు అంతే. పసితనంలో చేతులాడిస్తే నాన్నమ్మ వేళ్ళ మీద కొట్టేది, నోరుండగా ఇదేం పాడు అలవాటని. బళ్ళో పిల్లలు అమ్మను అనుకరించి నవ్వారు. అప్పటినుంచీ పదిమందిలో అమ్మ ఊసు రాకుండా తప్పించుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

కంప్యూటర్ సామాన్ల దుకాణంలో, చవకలో మంచి రౌటర్ కావాలని అడిగాడు. దుకాణదారు మంచివాడే. నాలుగు కొమ్ములున్న డబ్బా చూసి ఇతను చెయ్యి చాపబోతే, కొమ్ములు చూసి కొనడానికి ఇదేమైనా ఎద్దా అని ఆపాడు. ఇంటి కొలతలు అడిగాడు, గోడల మందం అడిగాడు, చివరికి వెనక గదిలో చూసేది వీడియోలా, లేక ఉత్త మాటలేనా అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా తనే అందుకున్నాడు.

"మధ్యలో ఇనప బీరువా ఉందంటున్నారుగా. దాని ముందు ఎంత గొప్ప రౌటరైనా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వీడియోకైతే ఈ జంట డబ్బాలు తీసుకోండి, ఒకటి ముందు గదిలో, ఒకటి వంటగదిలో పెట్టుకోవచ్చు. మాటలకైతే ఈ చిన్నది చాలు."

పక్కనున్న బేరగాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. జంట డబ్బాలకు సరిపడా డబ్బు జేబులోనే ఉంది. మా అమ్మకు వినపడదండి అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. 

"మాటలకేనండి. అమ్మ వాళ్ళ చెల్లెలితో కబుర్లు చెప్పుకుంటుంది," అన్నాడు.

ఇంటికొచ్చి చిన్న డబ్బా బిగించాడు. వెనక గదిలో రెండు గీతలు వచ్చాయి. గుడ్డికన్నా మెల్ల నయమనుకున్నాడు. అమ్మ మంచం పక్కన నిలబడి ప్రెస్సులో స్నేహితుడికి నెట్ మీదే ఫోన్ చేసి, వినపడుతోందా అని అడిగాడు. గంట కొట్టినట్టు వినపడుతోందన్నాడు స్నేహితుడు. అంతటితో పరీక్ష అయిపోయిందనుకున్నాడు మహానుభావుడు. చెవులున్నవాడు కదా, చెవులతోనే పరీక్షించాడు. అతని పెదవులు కదలడం చూసి, పని అయిందనుకుని అమ్మ సంతోషంగా తల దువ్వుకుంది.

మర్నాడు పది గంటలకు పిన్ని కూతురు వీడియో కాల్ చేసింది. తెర మీద పిన్ని మొహం వచ్చింది. అమ్మ చేతులు లేచాయి. పిన్ని చేతులూ లేచాయి, వెంటనే గళ్ళు గళ్ళుగా చెదిరిపోయాయి. బొమ్మ ఆగుతుంది, ఒక్కసారి గెంతుతుంది, మళ్ళీ ఆగుతుంది. అమ్మ ఆగు, ఆగు అని చెయ్యి ఊపుతూనే ఉంది. చివరికి పిన్ని కుడిచెయ్యి నుదుటి దగ్గర, ఎడమచెయ్యి గాలిలో సగం తెరుచుకుని ఉండగా బొమ్మ పూర్తిగా నిలిచిపోయింది.

మాటలు మాత్రం చక్కగా వస్తున్నాయి. పిన్ని ఆయాసం వినపడుతోంది, దుప్పటి కదిలిన చప్పుడు వినపడుతోంది. పిన్ని కూతురి గొంతు పక్కగదిలోంచి పిలిచినంత స్పష్టంగా ఉంది.

"అన్నయ్యా, అమ్మ ఏదో చెబుతోంది. చాలాసేపటినుంచీ చెబుతోంది. పెద్దమ్మకు కనిపిస్తోందా?"

అతను ఫోను పట్టుకుని గదంతా తిరిగాడు, బీరువా మీదికెత్తాడు, గుమ్మంలోకి పరుగెత్తాడు. బొమ్మ కదిలేసరికి పిన్ని కళ్ళు మూసుకుంది. చేతులు దుప్పటి మీద పడి ఉన్నాయి.

ప్రెస్సుకు సెలవు పెట్టి దుకాణానికి పరుగెత్తాడు. "మా అమ్మకు వినపడదండి. చేతులతో మాట్లాడుతుంది," అన్నాడు. నలభై ఏళ్ళు దాచిన ముక్క అది. ఎవరూ నవ్వలేదు. దుకాణదారు మొహం చిన్నబుచ్చుకుని, నిన్ననే చెప్పాల్సింది బాబూ అని, చిన్న డబ్బా వెనక్కి తీసుకుని జంట డబ్బాలు చేతిలో పెట్టాడు. ఇంత తేలికా అనిపించి అతనికి ఏడుపొచ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. వంటగదిలో రెండో డబ్బా పెట్టగానే వెనక గదిలో గీతలన్నీ నిండాయి. మర్నాడు బొమ్మ అద్దంలా వచ్చింది. పిన్ని కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. పిన్ని మాత్రం కళ్ళు తెరవలేదు. అమ్మ గంటసేపు చేతులు కదిలిస్తూనే ఉంది. అవతల పిన్ని కూతురు ఫోను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, నొప్పి పుట్టినా కట్ చేయలేదు. ఆ మరుసటి రోజు పిన్ని పోయింది.

వారమైంది. ఒక మధ్యాహ్నం మందు ఇవ్వడానికి వెళితే అమ్మ అతని మణికట్టు పట్టుకుంది. తన కుడిచెయ్యి నుదుటి దగ్గర పెట్టింది, ఎడమచెయ్యి గాలిలో సగం తెరిచింది, అక్కడే ఆపింది. తర్వాత అతని చెవి వైపు వేలు చూపించి, ఆత్రంగా మొహంలోకి చూసింది.

అర్థం కావడానికి అతనికి కాస్త సమయం పట్టింది. ఆమెకు బొమ్మే ఆగింది. నీకు చెవులున్నాయిగా, నీకు వినపడే ఉంటుంది, చెల్లి ఏమందో చెప్పు అంటోంది. చెవులున్నవాళ్ళకు అన్నీ వినపడతాయని ఆమె ఇన్నేళ్ళూ నమ్మింది.

అతనికి వినపడింది ఆయాసమొక్కటే. పిన్ని కూతురిని ముందే అడిగాడు, ఆమెకూ ఆ సైగ తెలియదు. ఏమీ వినలేదని చెప్పడానికి కూడా అతనికి సైగ రాదు. అతని చేతులు లేచాయి. పిన్ని అన్న మాటలన్నట్టు, తనకొచ్చిన వాటిలోంచే ఏరి చూపించాడు. తిను, అంది. మందు తాగు, అంది. నిద్రపో, అంది.

అమ్మ అతని చేతులను చివరిదాకా చూసింది. తర్వాత ఆ రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకుని, మెల్లగా అతని ఒళ్ళో పెట్టి, ఇక కదలకుండా పట్టుకుంది.