ఎత్తు చెప్పులు

సోమవారం పొద్దున్న ఆరింటికల్లా నాగదుర్గ రొయ్యల షెడ్డులో ఉండాలి. ఆటోలు ఏడు దాటితే గానీ రావు. కాలవ గట్టు మీద ఆరు కిలోమీటర్లు. మొదటి రోజే ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని ముందే చెప్పేశారు. రెండు నెలలు తిరిగితే దొరికిన పని. అందుకే శుక్రవారం నాగదుర్గ, అందరూ పాపాయి అని పిలిచే తన అత్తగారిని వెంటబెట్టుకుని రావులపాలెం వెళ్ళి సైకిల్ కొంది.

అక్కడే వచ్చింది తంటా. నాగదుర్గ పొట్టిది. ఆ మాట ఎవరైనా అంటే మాత్రం ఊరుకోదు. సైకిల్ కొట్టు రమేష్ బాబు ఆమెని ఎగాదిగా చూసి చిన్న సైకిల్ బయటికి లాగాడు.

"ఇదైతే మీకు సరిగ్గా సరిపోద్దండి."

"స్కూలు పిల్లల బండి కదండీ అది! ఊరంతా నవ్వరూ?"

పెద్దదే కావాలని పట్టుబట్టింది. సీటు ఆఖరిదాకా దించాక ఎక్కి చూస్తే కాళ్ళు నేలకి ఆనాయి. ఆనవూ మరి! టౌనుకి కదా అని పెళ్ళిళ్ళకి వేసుకునే ఎత్తు చెప్పులు తొడుక్కొచ్చింది మహాతల్లి. కుచ్చిళ్ళ చాటున అవి ఆయనకి కనబడలేదు. ఆ సంగతి ఈవిడకీ తట్టలేదు.

పాపాయి అక్కడికక్కడే హ్యాండిల్‌కి పసుపు రాసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించింది. బండిని ఆటోలో వేసుకుని ఇంటికొచ్చారు.

వాకిట్లో ఉత్త కాళ్ళతో సైకిలెక్కి చూసింది నాగదుర్గ. బొటనవేలు కూడా నేలకి తగల్లేదు. బండి ఒరిగి ఆమెతో సహా గోడకి కొట్టుకుంది. వెంటనే కొట్టుకి ఫోన్ చేసింది.

"మార్చేసి ఆ చిన్నదే ఇవ్వండి బాబూ."

"కొబ్బరికాయ కొట్టేసిన బండి వెనక్కి తీసుకోనండి. ఇంకెవరు కొంటారండి దాన్ని?"

ఆయన్ని అని లాభం లేదు. పూజ చేసిన బండి తిరిగిచ్చేస్తానంటే పాపాయే గుమ్మం దాటనివ్వదు. శని, ఆది రెండ్రోజులూ నాగదుర్గకి అన్నం సయించలేదు. గట్టు మీద లారీ ఎదురొస్తే? ఆపుదామంటే కాలు ఆనదు. పక్కనే నిండు కాలవ. ఈత రాదు.

సోమవారం ఆ ఎత్తు చెప్పులే తొడుక్కుని బయల్దేరింది.

"ఏంటే నాగదుర్గా, రొయ్యలకి పెళ్ళా?" అని ఎదురింటావిడ ఒకటే నవ్వు. నవ్వుకోనీ అనుకుంది.

కాలవ లాకుల దగ్గర భయపడినంతా అయింది. అరటిగెలల లారీ మలుపు తిరిగి మీదమీదకి వచ్చేసింది. బ్రేకు నొక్కి, కళ్ళు మూసుకుని కాలు వదిలేసింది. చెప్పు ఠక్కుమని నేలకి ఆనింది. లారీ వెళ్ళిపోయింది. "అమ్మ బాబోయ్" అనుకుంటూ మళ్ళీ ఎక్కింది.

ఆరింటికి ఐదు నిమిషాల ముందు షెడ్డు చేరింది. ఆడవాళ్ళంతా చెప్పులు గుమ్మం బయట వదిలేసి, లోపలిచ్చే రబ్బరు బూట్లు వేసుకుంటున్నారు. నాగదుర్గ మాత్రం తనవి విప్పి, దులిపి, కేరేజీ సంచిలో పెట్టి గట్టిగా ముడేసింది.

సూపర్‌వైజర్ నవ్వాడు. "బయట పెట్టమ్మా. ఆ చెప్పులు ఎవరెత్తుకుపోతారు?"

"అవి పోతే నేను ఇంటికెళ్ళలేనండి," అంది నాగదుర్గ.

రొయ్యలు ఒలుస్తున్నంతసేపూ ఆమె కళ్ళు ఆ సంచి మీదే ఉన్నాయి.