లక్ష్ముడి తువ్వాలు

ధనరాజు నోరు విప్పితే సముద్రపు హోరు కూడా కాసేపు ఆగి వింటుంది. ఆ పొద్దున అతను నోరు విప్పింది లక్ష్ముడి మీద.

"కళ్ళున్నాయేటి ముసిలోడా, కళ్ళద్దాలకే ఒగ్గేసినావా? నిన్న నీ తువ్వాలు నమ్మే నా వల సిరిగిపోనాది!"

ఒడ్డున పేకాడుకునే అప్పలసూరితో సహా ఇరవై మంది జాలర్లు వింటుండగా అన్నాడు.

లక్ష్ముడు ముప్పై ఏళ్ళుగా ఇసకలో నిలబడి కెరటాలు లెక్కపెట్టే మనిషి. వరుసగా మూడు పెద్ద కెరటాలు, ఆపైన కాస్త తెరిపి. ఆ తెరిపిలో తువ్వాలు ఊపితే బోటు ఒడ్డుకు ఉరకాలి. ఊపినవాడికి ముట్టేది గుప్పెడు చేపలు, బోలెడు మర్యాద. ధనరాజు దగ్గర చేపలకు కరువు లేదు.

పది గంటలకు ధనరాజు బోటే వచ్చి కెరటాల అవతల ఆగింది. అందులో అతని కొడుకు వినోద్, ఇద్దరు కళాసీలు. గాలి లేచింది.

లక్ష్ముడు లెక్క మొదలుపెట్టాడు. ఒకటి. అలలు అలా వస్తూనే ఉన్నాయి. పొద్దుటి మాటా అలాగే వస్తోంది. కళ్ళున్నాయేటి. రెండు. ఇది రెండా, మూడా?

"ఊపవేటి? నిద్దరోతన్నావా?" వెనక నుంచి ధనరాజు అరుపు.

తువ్వాలు లేచిపోయింది. లేచాక గానీ లక్ష్ముడికి మూడో కెరటం కనబడలేదు.

బోటు అడ్డం తిరిగి ఒరిగింది. ముగ్గురూ నీళ్ళలో పడ్డారు. ఒడ్డున పేకాడుతున్న ఇరవై మందీ ముక్కలు పారేసి దూకారు. వినోద్‌ను అప్పలసూరి జుట్టు పట్టి లాక్కొచ్చాడు. ముగ్గురూ గట్టెక్కారు. అంతే, ఇరవై మందీ వెళ్ళి ఇసకలో కూలబడ్డారు.

బోటు మాత్రం నీళ్ళలోనే కొట్టుకుంటోంది. ఇంకాసేపుంటే ముక్కలే.

"తాడట్టండిరా! సూస్తారేటి, ఎదవల్లారా!" అరిచాడు ధనరాజు.

ఎవరూ కదల్లేదు.

"మాకూ కళ్ళు ఆనట్లేదు బావా," అన్నాడు అప్పలసూరి, తాపీగా తల తుడుచుకుంటూ.

లక్ష్ముడు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి బోటు తాడు అందుకున్నాడు.

"లెక్క తప్పింది నేనే," అన్నాడు, ధనరాజు వైపు చూడకుండా. "నువ్వు అరిస్తంటే నాకు కెరటం తెలీదు. నోరు మూస్తావా, బోటు ఒగ్గేస్తావా?"

ధనరాజు నోరు తెరిచాడు. కెరటం తగిలి బోటు ఫెళ్ళుమంది. మూసుకున్నాడు. వచ్చి వెనకే తాడు పట్టుకున్నాడు.

"ఎప్పుడు లాగమంటావు మావా?"

అంత చిన్న గొంతు తనకుందని అతనికే తెలియదు.

"ఆగు. ఇది రెండోది. మూడోది బోటుని ఎత్తుతాది, అప్పుడు."

వెనక ఇసకలో ఎవరో లేచిన చప్పుడు. తర్వాత మరికొందరు. తాడు బిగిసింది. లక్ష్ముడు తిరిగి చూడలేదు. అతని చూపంతా నీళ్ళ మీదే ఉంది.