ఇక దయచేయి

ఆ ఇంటి వీధితలుపుకి గడియ లేదు, తాళం లేదు. ఇంటివాళ్ళెవరైనా లోపల్నించి "దయచేయండి" అంటే తెరుచుకునేది. రావడానికైనా పోవడానికైనా అదే మాట. అయితే పైపైన అంటే కుదరదు, మాటలో కాస్త దయ ఉండాలి. మొగుడూ పెళ్ళాం కీచులాడుకున్న పొద్దుటిపూట పాలావిడ బయటే నిలబడి, "కానివ్వండమ్మా, ముందు మీ గొడవ తేల్చుకోండి" అనేది.

ఇంటావిడ ముందుగదిలో బట్టలు కుట్టేది. ఆయన ఒకప్పుడు కరెంటు స్తంభాలెక్కిన మనిషి. మరదలి స్కూటరు వెనక కూర్చుని వెళ్ళినరోజు లారీ తగిలి కాలు పోయింది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. అక్క మాత్రం ఆరోజు నుంచీ చెల్లెలితో మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం చెల్లెలు సంచీతో వచ్చింది. ఆయనే "దయచేయమ్మా" అన్నాడు. ఆమె లోపలికొచ్చి తలుపు మూసింది.

"ఊరు వదిలి పోతున్నానక్కా. సాయంత్రం రైలుకి. ఒకమాట చెప్పి వెళదామని..."

అక్క మిషను ఆపలేదు. "చెప్పావుగా. ఇక దయచేయి."

తలుపు కదల్లేదు.

"దయచేయవే!" అని అరిచింది. తలుపు ఇంకా బిగుసుకుంది.

"ఏమండీ, మీరనండి."

"రమ్మన్నది నేను. పొమ్మనేది నువ్వు. నీ మాట నువ్వే అను," అంటూ ఆయన ఫ్యాను రెక్క తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"రైలు వెళ్ళిపోతుందక్కా. ఒక్కసారి మనసారా అను. మళ్ళీ కనబడను," అంది చెల్లెలు.

అక్క మెల్లగా అని చూసింది. మర్యాదగా, పరాయివాళ్ళతో అన్నట్టు అని చూసింది. తలుపు దేనికీ లొంగలేదు. విసుగొచ్చి లేచి, కాసిని మంచినీళ్ళు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. గ్లాసు గడగడా వణికి సగం నీళ్ళు ఒంటిమీదే ఒలికాయి.

"ఏమైందే చేతులకి?"

"ఆరోజు నుంచీ ఇంతే. బడి వ్యాను తోలడం మానేశాను. పిల్లల్ని ఎక్కించుకోవాలంటే భయం."

"నాకెవరూ చెప్పలేదే!"

"కాలు పోయింది బావది. నా చేతుల సంగతి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అక్క ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని అదిమిపట్టింది. వణుకు ఆగలేదు. ఆమె కోపమూ పోలేదు. ఇంట్లో చంకకర్రల చప్పుడు వినబడినన్నాళ్ళూ అది పూర్తిగా పోదని ఆమెకి తెలుసు.

"వెళ్ళాలనుంటే వెళ్ళు తల్లీ," అని చేతులు వదిలింది. "దయచేయి."

తలుపు బార్లా తెరుచుకుంది. వీధిలో ఎండ ఇంకా తగ్గలేదు. రైలుకీ టైముంది. చెల్లెలు సంచీ అందుకుని గడపదాకా వెళ్ళి ఆగింది.

"ఎటు దయచేయమన్నావక్కా? లోపలికా, బయటికా?"

అక్క అప్పటికే మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"దుమ్మొస్తోంది. తలుపేసి రా," అంది.