పెరటి గుమ్మం దాకా

కాంతమ్మ గరాటు ఎత్తిపట్టి ఐదో చెంబు ఉప్పునీళ్లు పోసింది. రబ్బరు గొట్టంలోంచి అవి ఆదిలక్ష్మి కడుపులోకి దిగాయి. గరాటు కిందికి వంచగానే బకెట్లోకి తిరిగొచ్చాయి, ఈసారి దాదాపు తేటగా.

పందొమ్మిదేళ్లకే మొగుడు పోతే బాపట్ల నుంచి రేపల్లె వచ్చి, ఈ పది మంచాల ఆసుపత్రిలో ఆయాగా చేరింది కాంతమ్మ. పంతొమ్మిదివందల అరవయ్యెనిమిదికి ఆమె చేరి పద్దెనిమిదేళ్లు నిండాయి. బొటనవేలి మీద, గొట్టం వేసేటప్పుడు రోగులు కొరికిన నాలుగు పంటిగాట్లున్నాయి. ఎవరెవరివో గుర్తులేదు.

ఆదిలక్ష్మిది నగరం అనే ఊరి దగ్గర పల్లెటూరు. కడుపునొప్పికి మంచిదని ఎవరో చెబితే గన్నేరు వేరు నూరి తాగిందట. తెల్లవారుతూనే అత్తగారు బసవమ్మ బండి కట్టించి తీసుకొచ్చింది.

డాక్టరుగారు చాలాసేపు నాడి వదల్లేదు. ఇంజెక్షనిచ్చి, "కడుపు కడిగాం గానీ గుండె ఇంకా గన్నేరు చేతిలోనే ఉంది కాంతమ్మా. రేపటిదాకా మంచం దిగనివ్వకు" అన్నారు.

"అలాగేనండి."

మధ్యాహ్నానికి ఆదిలక్ష్మి మొహం తేటపడింది. కాంతమ్మ నేల తుడుస్తుంటే బసవమ్మ చెంబు పక్కకు జరిపింది.

"చూసుకుని తుడువు. మా మంచినీళ్లున్నాయక్కడ."

"పొద్దున మీ కోడలి కడుపులో పోసింది నా చేతి నీళ్లేనండి అమ్మగారూ."

ఆదిలక్ష్మికి నవ్వొచ్చింది. ఆ కాస్త నవ్వుకే ఆయాసపడింది.

మూడింటికి బసవమ్మ వరండాలో కునుకు తీస్తోంది. కాంతమ్మ బెడ్‌పాన్ తెచ్చింది. అడ్డం పెట్టే తెర ఉతుక్కి పోయింది. ఎదురుమంచం మీద కాలు విరిగిన ముసలాయన ఇటే చూస్తున్నాడు.

"వద్దక్కా, మగాళ్లున్నారు. పెరట్లో మరుగుదొడ్డికి నాలుగడుగులేగా, నీ చెయ్యి పట్టుకుని వస్తా."

"డాక్టరుగారు తిడతారమ్మా."

"చెప్పొద్దులే అక్కా."

ఇలాంటి ఇళ్లవాళ్లు ఇన్నేళ్లూ తనను ఆయా అన్నారు, ఏమే అన్నారు. అక్కా అన్నవాళ్లు లేరు. కాంతమ్మ ఆమె నడుం చుట్టూ చెయ్యివేసి లేపింది. పెరడంతా తడిగా ఉందని, గుమ్మం దగ్గర తన చెప్పులే ఆమె కాళ్లకు తొడిగింది.

రెండడుగులు వేశాక బరువంతా భుజం మీద పడింది. కాలు జారిందనుకుని, "గట్టిగా పట్టుకో అమ్మా" అంది కాంతమ్మ.

డాక్టరుగారు వచ్చి నాడి చూసి, కళ్లు చూసి లేచారు.

"దించావా?"

"అవునండి. నేనే."

ఆయన లోపలికి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

పొద్దు వాలకముందే ఆదిలక్ష్మి శవంతో బసవమ్మ బండి కదిలింది. కాంతమ్మ ఉత్తకాళ్లతో ఇంటికి నడిచింది. పెరటి గుమ్మం బయట తడినేల మీద ఆమె రబ్బరు చెప్పులు, ఒకటి తిన్నగా, రెండోది జానెడు దూరంలో వెల్లకిలా.